రోగం రాకముందే మందు

2018 మార్చి 1 నుంచి న్యూజిలాండ్ ప్రభుత్వం ఒంట్లో జబ్బు లేనివాళ్లు వేసుకునే ఒక మాత్రకు ఖర్చు భరించడం మొదలుపెట్టింది. ఆ మాత్రలో టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ అనే రెండు మందులుంటాయి. రెండూ హెచ్ఐవీ సోకినవాళ్ల చికిత్సలో అప్పటికే ఏళ్ల తరబడి వాడుతున్నవే. వాటిని హెచ్ఐవీ లేనివాళ్లకు, కానీ అది సోకే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్లకు, ముందుజాగ్రత్తగా ఇవ్వడం ఇందులో కొత్త సంగతి. ఈ పద్ధతిని ప్రెప్ అంటారు. నిర్ణయం తీసుకున్నది రాజధాని వెల్లింగ్టన్‌లో ఉన్న ఫార్మాక్ అనే సంస్థ. ఏ మందుకు ప్రజల డబ్బు పెట్టాలో, ఏ ధరకు కొనాలో ఆ దేశంలో తేల్చేది అదే. అర్హులైనవాళ్లు మందుల దుకాణంలో ఐదు న్యూజిలాండ్ డాలర్లు కడితే మూడు నెలల మాత్రలు చేతికొచ్చేవి.

అంతకు రెండేళ్ల ముందు, 2016లో, న్యూజిలాండ్‌లో 244 మందికి హెచ్ఐవీ ఉన్నట్టు తేలింది. అప్పటిదాకా ఒక్క ఏడాదిలో అంతమంది ఎప్పుడూ లేరు. మన లెక్కన చిన్న సంఖ్యే. కానీ అప్పటికి యాభై లక్షల జనాభా కూడా లేని ఆ దేశం ముప్పై ఏళ్లుగా హెచ్ఐవీని అదుపులో పెట్టుకుంటూ వచ్చింది. ఆ పట్టు జారుతోందని అర్థమయ్యాక ఊరుకోలేదు.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి మందెందుకని చాలామంది అడుగుతారు. మలేరియా ఉన్న ప్రాంతాలకు వెళ్లేవాళ్లు జ్వరం రాకముందే మాత్రలు వేసుకుంటారు. దాన్నెవరూ వింతగా చూడరు. మరి కండోమ్ ఉండగా ఈ మాత్ర ఎందుకన్నది రెండో ప్రశ్న. కండోమ్ బాగా పనిచేస్తుంది, ఇప్పటికీ అవసరమే. అయితే అది వాడాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. భర్త బయట ఎక్కడెక్కడ తిరిగొచ్చాడో తెలిసీ నోరెత్తలేని భార్య ఉంది. ఎక్కువ డబ్బిస్తాను, కండోమ్ వద్దు అనే విటుడి ముందు నిలబడ్డ సెక్స్ వర్కర్ ఉంది. ప్రెప్ మాత్ర వేసుకోవడానికి అవతలి మనిషి ఒప్పుకోలు అక్కర్లేదు. ఈ మందు విలువ నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువగా ఇందులోనే ఉంది.

అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. హెచ్ఐవీ తనంతట తాను పెరగలేదు. మన రక్తంలోని సీడీ4 కణాల్లోకి చొరబడి, వాటి యంత్రాంగంతోనే తన సంతతిని తయారు చేయించుకుంటుంది. ఇక్కడ దానికొక చిక్కుంది. వైరస్ జన్యు సమాచారం ఆర్‌ఎన్‌ఏ రూపంలో, మన కణాలది డీఎన్‌ఏ రూపంలో ఉంటుంది. అందుకని ఆర్‌ఎన్‌ఏను చూసి డీఎన్‌ఏ నకలు తయారుచేసే ఎంజైమును వైరస్ తనతోపాటే తెచ్చుకుంటుంది. దాని పేరు రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్. ఆ నకలు మన క్రోమోజోములో అతుక్కున్నాక, ఇప్పుడున్న మందులేవీ దాన్ని అక్కణ్ణుంచి ఊడబెరకలేవు. హెచ్ఐవీ సోకినవాళ్లు జీవితాంతం మందులు వాడవలసి రావడానికి కారణం అదే. ఆపాలంటే ఆ అతుకు పడకముందే ఆపాలి.

డీఎన్‌ఏ కట్టడానికి ఎంజైము నాలుగు రకాల ముక్కలను వరసగా తగిలిస్తూ పోతుంది. రైలుపెట్టెల్లాగా ప్రతి ముక్కకూ ముందొక కొక్కెం, వెనకొక కొక్కెం ఉంటాయనుకోండి. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ చూడ్డానికి అసలు ముక్కల్లాగే ఉంటాయి. మొదటిది అడినోసిన్‌ను, రెండోది సైటిడిన్‌ను పోలి ఉంటుంది. కానీ వీటికి వెనక కొక్కెం లేదు. ఎంజైము మోసపోయి వీటిని తగిలించగానే ఆ తర్వాతి ముక్క తగులుకునే చోటు ఉండదు. నకలు సగంలో ఆగిపోతుంది. సగం నకలును కణం ముక్కలు చేసి పారేస్తుంది. వైరస్ లోపలికి వచ్చింది గానీ కాపురం పెట్టలేకపోయింది.

టెనోఫోవిర్ మూలపదార్థాలను తయారుచేసినవాడు ప్రేగ్ నగరంలోని రసాయన శాస్త్రవేత్త ఆంటోనిన్ హోలీ. అవి వైరస్‌ల మీద పనిచేస్తాయని తేల్చడంలో ఆయనకు తోడుగా నిలిచినవాడు బెల్జియం వైరాలజిస్టు ఎరిక్ డి క్లెర్క్. ఎమ్‌ట్రిసిటబిన్ అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో పుట్టింది. టెనోఫోవిర్ మన కణాల లోపల రోజుల తరబడి నిలవుంటుంది. ఎప్పుడైనా ఒక పూట మరిచిపోయినా రక్షణ ఒక్కసారిగా కూలిపోనిది అందుకే. పురీషనాళపు పొరల్లో ఈ మందు ఎక్కువగా చేరుతుంది, యోని పొరల్లో తక్కువగా చేరుతుంది. కాబట్టి పురుషులతో సంబంధమున్న పురుషులు మొదటిరోజు రెండు మాత్రలు వేసుకుంటే కొద్ది గంటల్లోనే రక్షణ మొదలవుతుంది. స్త్రీలు వారం రోజులు వరసగా వాడాలి, ఆ తర్వాత కూడా రోజూ తప్పకుండా వేసుకోవాలి.

మనుషుల్లో ఇది పనిచేస్తుందని మొదట గట్టిగా చూపించిన పరీక్ష ఐప్రెక్స్. ఆరు దేశాల్లో 2,499 మంది పాల్గొన్నారు. వాళ్లు పురుషులతో సంబంధమున్న పురుషులు, ట్రాన్స్‌జెండర్ మహిళలు. 2010లో ఫలితాలు వచ్చాయి. ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవాళ్లలో 64 మందికి, అసలు మాత్రలు తీసుకున్నవాళ్లలో 36 మందికి హెచ్ఐవీ సోకింది. అంటే ముప్పు 44 శాతం తగ్గింది. ఇంతేనా అని నిరుత్సాహపడినవాళ్లు కూడా ఉన్నారు. అయితే పరిశోధకులు రక్తనమూనాలు తీసి చూశారు. మాత్ర ఇచ్చినా మింగనివాళ్లు చాలామంది ఉన్నారు. రక్తంలో మందు కనిపించినవాళ్లలో ముప్పు 90 శాతానికి పైగా తగ్గింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012 జూలైలో అనుమతి ఇచ్చింది. ఇంగ్లండులో జరిగిన ప్రౌడ్ పరీక్ష, ఫ్రాన్స్, కెనడాలలో జరిగిన ఇపర్‌గే పరీక్ష 2015లో ఒకే అంకె చెప్పాయి: ముప్పు 86 శాతం తగ్గింది.

నాకు ఈ విజయాలకన్నా ఓడిపోయిన పరీక్షే ఎక్కువ నేర్పింది. దాని పేరు వాయిస్. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేలలో 5,029 మంది స్త్రీలు అందులో చేరారు. ప్రెప్ వల్ల ప్రయోజనం కనిపించలేదు. మాత్రలు ఇచ్చారు, స్త్రీలు తీసుకున్నారు, వేసుకుంటున్నామనే చెప్పారు. రక్తపరీక్షలు చూస్తే మూడోవంతు నమూనాల్లో కూడా మందు లేదు. ఎందుకు వేసుకోలేదో తర్వాత నెమ్మదిగా మాట్లాడి తెలుసుకున్నారు. ఇంట్లో సీసా కనిపిస్తే తనకే హెచ్ఐవీ ఉందనుకుంటారని భయం. మొగుడు ఏమంటాడో, ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అన్న బెరుకు. రసాయనం దాని పని అది చేయడానికి సిద్ధంగా ఉంది. సిగ్గు, భయం దాన్ని గొంతు దిగనివ్వలేదు.

దీనికి పూర్తి విరుద్ధమైన ఫలితం మన దేశంలోనే వచ్చింది. కోల్‌కతాలోని సోనాగాచిలో దర్బార్ మహిళా సమన్వయ కమిటీ, మైసూరులో అశోదయ సమితి సెక్స్ వర్కర్లే నడుపుకునే సంఘాలు. ఈ రెండు చోట్లా కలిపి 1,325 మంది స్త్రీలు ప్రెప్ వాడారు. ఒక్కరికి కూడా కొత్తగా హెచ్ఐవీ సోకలేదు. అదే మాత్ర, అదే మోతాదు. తేడా ఎక్కడుందంటే, మందు గురించి చెప్పినవాళ్లు, వేసుకున్నావా అని అడిగినవాళ్లు, వాంతి వస్తోందంటే ధైర్యం చెప్పినవాళ్లు అందరూ తోటి స్త్రీలే. మందు వేసుకునే మనిషి తలదించుకోవలసిన పని లేకపోతే అది పనిచేస్తుంది.

వెల్లింగ్టన్ కథ ఆసక్తికరమైనది ఇందుకే. 2018 నాటి నిర్ణయానికి ముప్పై మూడేళ్ల ముందే అక్కడ దారి వేయడం మొదలైంది. 1985లో కూడా న్యూజిలాండ్ చట్టం ప్రకారం మగవాళ్ల మధ్య సంబంధం జైలుశిక్ష పడే నేరం. ఆ ఏడాది మార్చిలో వెల్లింగ్టన్ సెంట్రల్ నియోజకవర్గ సభ్యురాలు ఫ్రాన్ వైల్డ్ దాన్ని రద్దు చేసే బిల్లు ప్రవేశపెట్టారు. దేశం రెండుగా చీలిపోయింది. ఎనిమిది లక్షల సంతకాలున్నాయంటూ వ్యతిరేకులు పెట్టెలకొద్దీ కాగితాలు పార్లమెంటు మెట్ల మీదికి మోసుకొచ్చారు. ఎయిడ్స్ భయం కొత్తగా కమ్ముకుంటున్న రోజులవి. చట్టం సడలిస్తే జబ్బు ప్రబలుతుందని ఒక పక్షం వాదించింది. పోలీసుల భయం ఉన్నంతకాలం ఎవరూ పరీక్షకు రారని, కాబట్టి చట్టమే జబ్బును పెంచుతుందని రెండో పక్షం వాదించింది. 1986 జూలై 9న 49–44 ఓట్లతో బిల్లు నెగ్గింది. కాలం రెండో పక్షమే నిజమని తేల్చింది.

ఆ పోరాటం నడుస్తుండగానే, 1985లో, న్యూజిలాండ్ ఎయిడ్స్ ఫౌండేషన్ ఏర్పడింది. దానికి పునాది వేసిన బ్రూస్ బర్నెట్ అదే ఏడాది ఎయిడ్స్‌తో చనిపోయాడు. చట్టం మారడం చూడలేకపోయాడు. 2022లో ఆ సంస్థ అతని పేరే పెట్టుకుని బర్నెట్ ఫౌండేషన్ ఆటియరోవాగా మారింది. 1987లో వెల్లింగ్టన్‌లో సెక్స్ వర్కర్లు తమ సంఘాన్ని పెట్టుకున్నారు. ఆ సంఘానికి దశాబ్దాలుగా గొంతుగా నిలిచిన మనిషి కేథరిన్ హీలీ. 1988లో మత్తుమందులు ఎక్కించుకునేవాళ్లకు శుభ్రమైన సూదులిచ్చే పథకం దేశమంతటా మొదలైంది. ప్రభుత్వ మద్దతుతో జాతీయస్థాయిలో ఇలాంటిది నడిపిన మొదటి దేశం న్యూజిలాండ్. సూదుల ద్వారా హెచ్ఐవీ పాకడం అక్కడ ఇప్పటికీ చాలా అరుదు. 1993 మానవ హక్కుల చట్టం లైంగికత కారణంగా గానీ, ఒంట్లో రోగకారక క్రిమి ఉన్న కారణంగా గానీ వివక్ష చూపకూడదంది. 2003లో సెక్స్ వర్క్ నేరం కాదన్న చట్టం 60–59 ఓట్లతో, ఒకే ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. ఆ రోజు సభలో దాన్ని సమర్థిస్తూ తన గతాన్ని దాచుకోకుండా మాట్లాడిన సభ్యురాలు జార్జినా బేయర్. ఒకప్పుడు వెల్లింగ్టన్ వీధుల్లో సెక్స్ వర్కర్‌గా బతికి, ప్రపంచంలోనే పార్లమెంటుకు ఎన్నికైన మొదటి బహిరంగ ట్రాన్స్‌జెండర్ మహిళ అయిన వ్యక్తి ఆమె.

ఇప్పుడు వెల్లింగ్టన్‌లో క్యూబా వీధి దాటేవాళ్లకు నడవమని సూచించే ఆకుపచ్చ దీపంలో ఒక స్త్రీ ఆకారం కనిపిస్తుంది. అది కార్మెన్ రూపేది. ఆ నగరంలో కాఫీ హోటల్ నడిపి, 1977లో మేయర్ పదవికి పోటీ చేసిన మావోరీ ట్రాన్స్‌జెండర్ మహిళ. 1986 చట్టానికి ముప్పై ఏళ్లు నిండిన సందర్భంగా 2016లో ఆ దీపాలు పెట్టారు. ప్రెప్ గురించి రాస్తూ ఈ దీపాల సంగతి ఎందుకంటే, ఒకప్పుడు పోలీసులు వెంటాడిన మనిషి బొమ్మను ఊరు తన వీధిదీపంలో పెట్టుకున్నాక, అలాంటి మరో మనిషి వైద్యుడి దగ్గరికెళ్లి నాకు ప్రెప్ కావాలి అని అడగడం సులువవుతుంది.

2018లో మొదట పెట్టిన అర్హత నియమాలు బిగుతుగానే ఉండేవి. ప్రధానంగా పురుషులతో సంబంధమున్న పురుషులకు, ట్రాన్స్‌జెండర్లకు ఉద్దేశించినవి అవి. 2022 జూలైలో ఫార్మాక్ వాటిని సడలించింది. ముప్పు ఎక్కువగా ఉందని వైద్యులు భావించినవాళ్లెవరైనా, స్త్రీలైనా, అర్హులే. అంతకుముందే 2017 జూలైలో మరో మంచి పని జరిగింది. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు సీడీ4 కణాల సంఖ్య పడిపోయేదాకా ఆగకుండా వెంటనే ప్రభుత్వ ఖర్చుతో చికిత్స మొదలుపెట్టవచ్చన్నారు. మందు సరిగా వాడి, రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి తగ్గిన మనిషి నుంచి లైంగిక సంబంధం ద్వారా ఇంకొకరికి హెచ్ఐవీ సోకదు. ఇది నిరూపితమైన విషయం. కాబట్టి రెండు వైపుల నుంచీ గోడ కట్టినట్టయింది. 2023లో ఆరోగ్య శాఖ కొత్త ప్రణాళిక ప్రకటిస్తూ 2030 నాటికి దేశం లోపల హెచ్ఐవీ వ్యాప్తిని అంతం చేయాలని లక్ష్యం పెట్టుకుంది.

2016 తర్వాత అక్కడ కొత్త కేసులు తగ్గాయి. మొత్తం ఘనత మాత్రకే కట్టబెట్టడం సరికాదు, కోవిడ్ కాలంలో సరిహద్దులు మూసేసిన ప్రభావం కూడా ఆ లెక్కల్లో ఉంది. ప్రెప్ ప్రభావం స్పష్టంగా కనిపించాలంటే పొరుగునున్న ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాన్ని చూడాలి. 2016లో అక్కడ ఎనిమిది నెలల్లో 3,700 మందికి ప్రెప్ అందించారు. పురుషులతో సంబంధమున్న పురుషుల్లో ఏడాది తిరిగేసరికి కొత్త కేసులు 295 నుంచి 221కి తగ్గాయి.

వెల్లింగ్టన్‌లో చదువుకునే, ఉద్యోగం చేసే తెలుగు యువతకు కొన్ని విషయాలు సూటిగా చెప్పాలి. రెండేళ్లు, అంతకు మించిన వర్క్ వీసా ఉన్నవాళ్లకు ప్రభుత్వ వైద్యం వర్తిస్తుంది. అంతర్జాతీయ విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు సాధారణంగా వర్తించదు. అలాంటివాళ్లు వైద్యుడి చీటీతో సొంత డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. చీటీ ఉంటే మూడు నెలలకు సరిపడా మందు విదేశం నుంచి తెప్పించుకోవచ్చు. 2018కి ముందు న్యూజిలాండ్ వాళ్లు కూడా ఎందరో ఇలాగే భారతదేశపు జెనరిక్ మాత్రలు తెప్పించుకున్నారు. ఇంట్లో తెలుస్తుందేమో, వీసాకు అడ్డొస్తుందేమో అన్న భయం వద్దు. వైద్య సమాచారాన్ని అమ్మానాన్నలకు గానీ కాలేజీకి గానీ చెప్పడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. ప్రెప్ వేసుకోవడం జబ్బూ కాదు, తప్పూ కాదు. హెచ్ఐవీ ఉందన్న ఒక్క కారణంతో శాశ్వత నివాసం దొరకకుండా చేసే వ్యాధుల జాబితా నుంచి కూడా 2021 అక్టోబరులో న్యూజిలాండ్ దాన్ని తీసేసింది.

ఎక్కడున్నా పాటించవలసిన జాగ్రత్తలు ఒకటే. మొదలుపెట్టే ముందు హెచ్ఐవీ పరీక్ష తప్పనిసరి. ఇప్పటికే సోకి ఉంటే ఈ రెండు మందులే సరిపోవు, పైగా వైరస్ వాటికి లొంగకుండా తయారవుతుంది. మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చూడాలి. హెపటైటిస్ బి పరీక్ష కూడా చేయాలి, ఎందుకంటే ఆ వైరస్ ఉన్నవాళ్లు ఈ మాత్రలు హఠాత్తుగా మానేస్తే కాలేయం దెబ్బతినవచ్చు. తర్వాత మూడు నెలలకోసారి పరీక్షలు. మొదటి వారాల్లో కొందరికి వికారం, తలనొప్పి ఉండి తగ్గిపోతాయి. సిఫిలిస్, గనేరియా లాంటి సుఖవ్యాధులను ఈ మాత్ర ఆపదు, గర్భాన్నీ ఆపదు. ముందుజాగ్రత్త లేకుండా ప్రమాదం జరిగిపోతే వేరే మార్గముంది. 72 గంటల లోపు ఆసుపత్రికి వెళ్లి 28 రోజుల మందుల కోర్సు మొదలుపెట్టాలి. ఎంత తొందరగా వెళితే అంత మంచిది.

ఇక మన ఊళ్ల సంగతి. 2021 అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో హెచ్ఐవీ 0.21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. ఈశాన్య రాష్ట్రాలైన మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత స్థానాలు మనవే. ఇంత ముప్పున్న చోట ప్రెప్ పేరు విన్నవాళ్లే తక్కువ. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం మొదలైన మిత్ర్ క్లినిక్‌లో ప్రెప్ దొరికేది. అక్కడ పనిచేసినవాళ్లలో ట్రాన్స్‌జెండర్లే ఎక్కువ. మైసూరు అనుభవం చెప్పిన పాఠాన్ని ఆచరణలో పెట్టిన చోటది. అమెరికా ప్రభుత్వ సహాయం ఆగిపోవడంతో 2025 ఆరంభంలో అది మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ అనే పేరుతో మళ్లీ తెరిచారు. ఇంత అవసరమైన సేవ వేల మైళ్ల అవతలి ప్రభుత్వపు ఒక్క సంతకం మీద వేలాడవలసి రావడం బాధాకరం.

ఈ మందుల తయారీలో ప్రపంచంలోకెల్లా ముఖ్యమైన కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. హెటిరో, అరబిందో లాంటి కంపెనీల హెచ్ఐవీ మందులు ఆఫ్రికా దేశాల్లో లక్షలాది మంది ప్రాణాలు నిలుపుతున్నాయి. ఇప్పుడు ఆరు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ వచ్చింది, దాని పేరు లెనకపవిర్. దక్షిణాఫ్రికా, ఉగాండాలలో దాన్ని తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికి కూడా హెచ్ఐవీ సోకలేదని 2024లో తేలింది. సీసా దాచుకోవలసిన పని లేదు కాబట్టి వాయిస్ పరీక్షలో స్త్రీలను ఆపిన భయానికి ఇది సరైన జవాబు. 2025 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. దాని జెనరిక్ రూపాన్ని 120 దేశాలకు మనిషికి ఏడాదికి దాదాపు 40 అమెరికన్ డాలర్లకే 2027 నుంచి అందిస్తామని ఒప్పుకున్న రెండు కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటిరో. రెండూ హైదరాబాద్‌వే. సంపన్న దేశమైన న్యూజిలాండ్ ఆ జాబితాలో లేదు.

మందు మన ఊళ్లో తయారవుతోంది, ముప్పు మన ఇళ్లలో ఉంది. రెండు రాష్ట్ర ప్రభుత్వాలు చేయవలసిన పని కష్టమైనదేమీ కాదు. ప్రభుత్వాసుపత్రుల్లో సుఖవ్యాధులకు చికిత్స చేసే సురక్ష క్లినిక్‌లలో, హెచ్ఐవీ పరీక్షా కేంద్రాల్లో ప్రెప్ మాత్రలను ఉచితంగా ఉంచాలి. వాటి గురించి చెప్పే పనిని ఆయా సమూహాల మనుషులకే అప్పగించాలి. అప్పటిదాకా పాఠకులు ఆగనక్కర్లేదు. మీకు గానీ, మీకు తెలిసినవాళ్లకు గానీ ముప్పుందనిపిస్తే ముందు పరీక్ష చేయించుకోండి, వైద్యులను ప్రెప్ గురించి పేరుపెట్టి అడగండి. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే సలహా ఇస్తారు.